రోగిని చూడటం నేర్పిన ఫ్లోరెన్స్ నైటింగేల్

- ఇంటింటికీ ఆరోగ్య బోధన చేరాలన్నదే ఆమె ఆశయం
- గోదావరి ఆనకట్ట నిర్మాత కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు
- మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవం

రాజమహేంద్రవరం, మే 11: నర్సింగ్ పాఠశాలల్లో ఏటా మే 12న దీపాలు వెలుగుతాయి. తెల్లని దుస్తులు ధరించిన విద్యార్థినులు వరుసగా నిలబడి, చేత దీపం పట్టుకొని ప్రతిజ్ఞ చేస్తారు. ఆ ప్రతిజ్ఞకు ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున్నా దానిని ఆమె రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సింగ్ అధ్యాపకురాలి ఆధ్వర్యంలో అది రూపుదిద్దుకుంది. చిత్రపటాల్లో కనిపించే ప్రమిద వంటి దీపం కూడా ఆమెది కాదు. యుద్ధ కాలపు ఆసుపత్రిలో ఆమె వాడినది మడతపెట్టడానికి వీలైన టర్కీ లాంతరు.

నర్సింగ్ వృత్తికి ఆమె ఇచ్చిన కానుక వేరొకటి ఉంది. రోగిని ఎలా గమనించాలి, ఏ ప్రశ్నను ఏ తీరున అడగాలి, తెలుసుకున్న దానిని వైద్యునికి ఎలా నివేదించాలి, ఇంటివారికి ఆరోగ్య సూత్రాలు ఎలా బోధించాలి అన్న అంశాలకు ఆమె ఒక క్రమాన్ని ఏర్పరిచారు. నేడు నర్సింగ్ కోర్సుల్లో తొలి పాఠాలుగా ఉన్న ఆరోగ్య పరిశీలన, రోగికి బోధన ఆమె వేసిన బాటలోనివే. వేలాది ప్రాణాలు కళ్లెదుట పోవడం చూసిన తరువాత ఆమె గ్రహించిన పాఠం అది.

సంపన్న గృహంలో జననం

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె జన్మించారు. తల్లిదండ్రులు విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, ఫ్రాన్సెస్ సంపన్న ఆంగ్లేయులు. ఐరోపా పర్యటనలో ఉండగా పుట్టిన బిడ్డకు ఆ నగరం పేరే పెట్టారు. అంతకు ముందటి ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థినోపీ అన్న పేరు పెట్టడం విశేషం. ఇంగ్లండులో ఆ కుటుంబానికి డెర్బీషైర్‌లోని లీ హర్స్ట్, హాంప్‌షైర్‌లోని ఎంబ్లీ పార్క్ అనే రెండు భవంతులు ఉండేవి.

ఆడపిల్లలకు ఉన్నత విద్య అందని ఆ రోజుల్లో తండ్రే గురువై కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పారు. ఫ్లోరెన్స్‌కు గణితంపై మక్కువ ఎక్కువ. 1837 ఫిబ్రవరిలో, 16 ఏళ్ల ప్రాయంలో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమె భావించారు. అయితే ఆ సేవ ఏ రూపంలో చేయాలో తేల్చుకోవడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.

1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో పని నేర్చుకుంటానని ఆమె అడిగితే ఇంట్లో ససేమిరా అన్నారు. అందుకు కారణం లేకపోలేదు. ఆనాడు స్తోమత ఉన్నవారు ఇంటి వద్దనే వైద్యం చేయించుకునేవారు. ఆసుపత్రి అంటే నిరుపేదలు చేరే చోటు. నర్సులు చదువూ శిక్షణా లేనివారనీ, మద్యానికి అలవాటు పడినవారనీ అపవాదు ఉండేది. పెద్దింటి ఆడపడుచు అటువంటి కొలువు చేయడమేమిటని తల్లి, అక్క కుమిలిపోయారు. 1849లో రిచర్డ్ మాంక్టన్ మిల్నెస్ అనే ప్రముఖుడితో వివాహ ప్రస్తావనను సైతం నైటింగేల్ తోసిపుచ్చారు. పెళ్లి చేసుకుంటే తాను తలపెట్టిన పని సాగదన్నది ఆమె నిశ్చయం.

1851లో ఎట్టకేలకు జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో పాస్టర్ ఫ్లీడ్నర్ నడిపే సంస్థలో సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు. 1853 ఆగస్టులో లండన్‌లోని అప్పర్ హార్లీ వీధిలో రోగపీడిత మహిళల ఆశ్రయానికి పర్యవేక్షకురాలిగా బాధ్యతలు చేపట్టారు. తండ్రి ఏడాదికి 500 పౌన్లు భత్యంగా ఇవ్వడంతో ఆమె స్వతంత్రంగా నిలదొక్కుకున్నారు.

స్కుటారీలో మృత్యుహేల

1854లో రష్యాతో క్రిమియా యుద్ధంలోకి బ్రిటన్ దిగింది. క్షతగాత్రులైన సైనికులు దిక్కులేక మరణిస్తున్నారని టైమ్స్ పత్రికలో వెలువడిన వార్తలు ఇంగ్లండులో కలకలం రేపాయి. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు 38 మంది మహిళల బృందంతో నైటింగేల్ అక్టోబరు 21న లండన్ నుంచి బయలుదేరి, నవంబరు 4న ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారీ బ్యారక్ ఆసుపత్రికి చేరుకున్నారు.

సైనిక వైద్యులు మొదట ఈ మహిళలను వార్డుల్లోకి రానివ్వలేదు. ఇంకర్‌మన్ పోరులో గాయపడినవారు తండోపతండాలుగా రావడంతో వారికి వేరే దారి లేకపోయింది. నేల మీద పరుచుకున్న రోగులు, పేలు పట్టిన దుస్తులు, పొంగి పొర్లే మరుగుదొడ్లు, తగినన్ని పాత్రలు, దుప్పట్లు లేని వార్డులు అక్కడి దుస్థితి. నైటింగేల్ వంటశాలలు, దుస్తులు ఉతికే ఏర్పాట్లు చేయించారు. రాత్రి వేళ లాంతరు పట్టుకొని వార్డులు తిరిగారు. మరణించిన సైనికుల కుటుంబాలకు స్వయంగా లేఖలు రాశారు. జీతాల సొమ్మును స్వగ్రామాలకు పంపుకొనే వీలు కల్పించారు.

ఇంత చేసినా చావులు ఆగలేదు. 1854-55 శీతకాలంలో ఒక్క స్కుటారీలోనే 4 వేల మందికి పైగా మరణించారు. వారిలో అధిక సంఖ్యాకులు గాయాలతో పోయినవారు కారు. కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరాలు వారిని బలిగొన్నాయి. 1855 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి ఆసుపత్రిని పరిశీలించగా, భవనం కిందనే మురుగు కాలువలు పూడుకుపోయి ఉన్నట్లు తేలింది. మంచినీరు వచ్చే దారిలో చచ్చిన గుర్రం కుళ్లుతోంది. కాలువలు కడిగించి, గోడలకు సున్నం వేయించి, కిటికీలు తెరిపించి గాలి ఆడేలా చేసిన తరువాత మరణాలు వేగంగా తగ్గాయి. ఫిబ్రవరిలో నూటికి 42గా ఉన్న మరణాల రేటు జూన్ నాటికి 2కు దిగివచ్చినట్లు నమోదైంది.

లెక్కలు చెప్పిన నిజం

1856 ఆగస్టులో నైటింగేల్ ఆర్భాటం లేకుండా, మారుపేరుతో స్వదేశానికి తిరిగి వచ్చారు. దేశమంతా ఆమెను దేవతగా కొలుస్తున్నా ఆమె మనసు కుదుటపడలేదు. చాలినంత తిండి, దుస్తులు లేకపోవడం, రోగులు ఆలస్యంగా ఆసుపత్రికి రావడం వల్లనే మరణాలు సంభవించాయని తొలుత ఆమె భావించారు. 1857లో గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలు తీసినప్పుడు అసలు విషయం బయటపడింది. తాను రేయింబవళ్లు సేవ చేసిన ఆసుపత్రే అపరిశుభ్రత వల్ల వధ్యశాలగా మారిందన్న చేదు నిజాన్ని ఆమె దిగమింగవలసి వచ్చింది.

ఆ యుద్ధంలో సుమారు 21 వేల మంది బ్రిటిష్ సైనికులు మరణించగా, వారిలో సుమారు 16 వేల మంది వ్యాధుల వల్లనే పోయారు. యుద్ధం లేని కాలంలో సైతం స్వదేశీ శిబిరాల్లోని సైనికుల మరణాల రేటు అదే వయసు పౌరులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నట్లు ఆమె నిరూపించారు. అంకెలను చదవలేని వారికీ అర్థమయ్యేలా రంగుల ముక్కలతో కూడిన వృత్తాకార చిత్రాన్ని రూపొందించారు. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే.

జాలి, త్యాగం ఎంత ఉన్నా చూడవలసిన దానిని చూడకపోతే ప్రాణం నిలవదన్నది స్కుటారీ నేర్పిన పాఠం. ఆ తరువాత ఆమె చేసిన ప్రతి పనిలోనూ ఆ పాఠమే కనిపిస్తుంది.

ప్రశ్న సరిగా ఉంటేనే జవాబు

1859 చివరిలో ఆమె రచించిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' వెలువడింది. అది కేవలం వృత్తి నర్సుల కోసం రాసిన గ్రంథం కాదు. ఇంట్లో ఎవరో ఒకరి ఆరోగ్య భారం మోసే ప్రతి స్త్రీనీ దృష్టిలో ఉంచుకొని రాసినది. గాలి, వెలుతురు, పరిశుభ్రత, ఆహారం, పక్క బట్టలు, నిశ్శబ్దం వంటి విషయాలపై అధ్యాయాలు ఉన్నాయి. రోగిని గమనించడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉండటం గమనార్హం.

రోగి పరిస్థితి బాగుందా అని అడిగితే బాగుందనో, బాగాలేదనో మాటవరసకు వచ్చే జవాబు వైద్యునికి అక్కరకు రాదని ఆమె వివరించారు. రాత్రి నిద్ర బాగా పట్టిందా అని అడిగినా అంతే. పది గంటలు నిద్రపోతేనే బాగా పట్టినట్లు ఒకరు తలిస్తే, నడుమ నడుమ కునుకు తీసినా చాలనుకునేవారు మరొకరు. అందువల్ల ఎన్ని గంటలు నిద్ర పట్టింది, రాత్రి ఏ వేళల్లో పట్టింది అని అడగాలని సూచించారు. జవాబును రోగి నోట పెట్టేలా ప్రశ్న వేయరాదన్నది ఆమె నియమం.

ఆహారం విషయంలో ఆమె చేసిన విశ్లేషణ నేటికీ పాఠ్యాంశంగా నిలువదగినది. రోగి అన్నం ముట్టడం లేదంటే ఆకలి లేదని ఒక్క మాటలో తేల్చివేయడం పరిపాటి. నిజానికి అందుకు నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వంట సరిగా కుదరకపోవచ్చు. ఎంచుకున్న పదార్థం రోగికి తగినది కాకపోవచ్చు. పెట్టిన వేళ తగినది కాకపోవచ్చు. లేదా నిజంగానే ఆకలి మందగించి ఉండవచ్చు. నాలుగింటి ఫలితం ఒక్కటే, రోగి క్రమంగా శుష్కించిపోతాడు. కానీ విరుగుడు మాత్రం ఒక్కొక్క దానికి ఒక్కో రకం. ఏ కారణమో కనిపెట్టవలసినది పక్కన ఉండే నర్సేనని ఆమె స్పష్టం చేశారు.

రోగితో మెలిగే తీరునూ ఆమె వదిలిపెట్టలేదు. మాట్లాడేటప్పుడు రోగి మెడ తిప్పవలసిన అవసరం లేకుండా ఎదుట కూర్చోవాలి. గది బయట గుసగుసలాడరాదు. రోగం సంగతి తెలియకుండా ఏమీ కాదులే అంటూ ఉత్తుత్తి ధైర్యం చెప్పే పరామర్శలు రోగిని మరింత కుంగదీస్తాయి. నర్సు రోజులో తరచుగా చేతులు కడుక్కోవాలి. పరిశీలన వివరాలు పోగు చేసుకోవడానికి కాదు, ప్రాణం కాపాడటానికే అన్న హెచ్చరిక ఆ అధ్యాయానికి ప్రాణం వంటిది.

శిక్షణకు నాంది

కృతజ్ఞతగా దేశ ప్రజలు సమకూర్చిన సుమారు 45 వేల పౌన్ల నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. తొలి విడతలో 15 మందిని చేర్చుకొన్నారు. శిక్షణ కాలం ఏడాది. నాడి, చర్మం, ఆకలి, శ్వాస, నిద్ర, కఫం, గాయాల స్థితి, మతి తప్పడం, ఆహారం, మందుల ప్రభావం వంటివన్నీ నిశితంగా గమనించడం అభ్యసించవలసిన విధుల్లో చేర్చారు. విద్యార్థినులు రోగుల వివరాలు, దినచర్య రాసుకోవాలి. ఒక్కొక్కరి పనితీరుపై మేట్రన్ నెలనెలా నివేదిక నింపేవారు. ఇక్కడ తరిఫీదు పొందినవారు తదనంతరం పలు దేశాల ఆసుపత్రులకు వెళ్లి ఈ విధానాన్ని వ్యాపింపజేశారు.

1861లో పుస్తకానికి సులభమైన, చౌక ప్రతిని శ్రామిక కుటుంబాల కోసం వెలువరించారు. చంటిబిడ్డను చూసుకోవడంపై అందులో కొత్త అధ్యాయం చేర్చారు. పేద ఇళ్లలో తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకొని తిరిగే బాలికలను ఉద్దేశించి అది రాయడం విశేషం. లివర్‌పూల్‌లో పేదల ఇళ్లకే నర్సులను పంపే పథకం చేపట్టిన విలియం రాత్‌బోన్‌కు ఆమె సలహాలు తోడ్పడ్డాయి.

గోదావరితో అనుబంధం

నైటింగేల్ ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఈ దేశ ఆరోగ్యంపై ఆమె దృష్టి సారించారు. ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యంపై 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం శిబిరాలన్నింటికీ ప్రశ్నావళి పంపించి సమాధానాలు తెప్పించారు. రోగిని ప్రశ్నించే పద్ధతినే దేశానికీ వర్తింపజేశారన్నమాట. ఏటా వెయ్యి మంది సైనికుల్లో 69 మంది మరణిస్తున్నట్లు 1863 నాటి నివేదిక వెల్లడించింది. నీరు, మురుగు, కిక్కిరిసిన బారకాసులు ప్రధాన కారణాలుగా తేలాయి. చుట్టుపక్కల గ్రామాలు రోగాలతో ఉండగా సైనికుడు ఒక్కడే ఆరోగ్యంగా ఉండజాలడని గ్రహించిన తరువాత ఆమె చూపు పల్లెల వైపు మళ్లింది.

ఈ దశలోనే ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఈ ఆనకట్ట గోదావరి సీమను సస్యశ్యామలం చేసిన సంగతి విదితమే. సాగునీరు లేనిదే తిండి లేదు, తిండి లేనిదే ఆరోగ్యం లేదన్న కాటన్ వాదనకు ఆమె గట్టి మద్దతు పలికారు. 1874లో భారతదేశంపై వెలువరించిన రచనలో నీటిపారుదలను జీవన్మరణ సమస్యగా అభివర్ణించారు. గోదావరి, కృష్ణా డెల్టాలు కరవును తట్టుకొన్న తీరును ఇతర ప్రాంతాలకు ఆదర్శంగా చూపారు. 1876-78 నాటి మద్రాసు రాజధాని కరవు లక్షల ప్రాణాలను హరించినప్పుడు కాలువల తవ్వకం కోసం, రైతుల రుణభారం తగ్గింపు కోసం పత్రికల్లో కలం పట్టారు.

ఉపన్యాసంతో సరిపోదు

ఏడు పదులు దాటిన వయసులో ఆమె చేసిన ప్రయోగం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. 1892లో ఇంగ్లండులోని బకింగ్‌హాంషైర్‌లో పల్లె తల్లులకు ఆరోగ్యం బోధించడానికి మహిళలను సిద్ధం చేసే పథకానికి ఆమె రూపకల్పన చేశారు. స్థానిక వైద్యాధికారి వారికి పాఠాలు చెప్పారు. అనంతరం ఊళ్లోకి తీసుకెళ్లి, ఇళ్లు చూపించి నేర్పారు. రాత పరీక్షతో పాటు మౌఖిక పరీక్ష కూడా పెట్టారు. నెగ్గినవారినే ఆరోగ్య బోధకులుగా నియమించారు.

రోగికి సేవ చేసే నర్సు వేరు, రోగం రాకుండా ఇంటిని కాపాడే ఆరోగ్య బోధకురాలు వేరని, రెండింటికీ వేర్వేరు శిక్షణ అవసరమని ఆమె భావించారు. సభ పెట్టి ఉపన్యసించినంత మాత్రాన పల్లెటూరి తల్లి అలవాటు మారదని ఆమెకు తెలుసు. ఆ ఇంటికి వెళ్లాలి. ఆ తల్లితో స్నేహం కలుపుకోవాలి. దబాయింపు పనికిరాదు. ఆమె పొయ్యి, ఆమె బావి, ఆమె బిడ్డ పక్క చూపించి, ఏది ఎలా మార్చుకోవచ్చో చేసి చూపించాలి. ఆ ఇంటి ఆదాయంలో సాధ్యం కాని సలహా ఇవ్వడం వృథా. 1894లో ప్రచురితమైన గ్రామీణ పారిశుద్ధ్య వ్యాసంలో ఈ భావాలను విశదీకరించారు. ఇదే తరహా బోధన భారతీయ గ్రామాల్లోనూ స్థానిక భాషల్లో, స్థానికుల చేతుల మీదుగా జరగాలని 1890లలో ఆమె పత్రికా ముఖంగా కోరారు.

మంచం మీద నుంచే..

క్రిమియాలో 1855 మే నెలలో సోకిన జ్వరం ఆమెను జీవితాంతం వేధించింది. 1857 తరువాత చాలా ఏళ్లు మంచానికే పరిమితమయ్యారు. నివేదికలు, పుస్తకాలు, వేలాది లేఖలు అక్కడి నుంచే రాశారు. కఠిన స్వభావం కలదని, తోటివారిని విశ్రాంతి లేకుండా పని చేయించేదని విమర్శలు లేకపోలేదు. చెడు గాలి వల్లనే రోగాలు వస్తాయన్న ఆనాటి నమ్మకాన్ని ఆమె చాలాకాలం పట్టుకొని ఉన్నారు. సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడక ముందే ఆమె పట్టుబట్టిన పరిశుభ్రత మాత్రం ఎందరినో కాపాడింది.

1907లో బ్రిటన్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారంతో సత్కరించారు. దానిని అందుకొన్న తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న లండన్‌లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చినా కుటుంబ సభ్యులు అంగీకరించలేదు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ఆవరణలో నిరాడంబరంగా అంత్యక్రియలు జరిగాయి. ఆమె పుట్టినరోజును 1974లో అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా ప్రకటించారు. భారత ప్రభుత్వం 1973 నుంచి ఆమె పేరిట ఉత్తమ నర్సులకు జాతీయ పురస్కారాలు అందజేస్తోంది.

నేటికీ అదే పాఠం

కాటన్ కాలువల గట్ల వెంబడి ఉన్న పల్లెల్లో నేడు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతున్నారు. గర్భిణుల బరువు, రక్తపోటు నమోదు చేస్తున్నారు. చంటిబిడ్డకు విరేచనాలైతే ఓఆర్ఎస్ కలిపే విధానం చూపుతున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో, పాదాలను రోజూ ఎలా చూసుకోవాలో నర్సు చెబుతున్నారు. ఆ రోగి తల ఊపినంత మాత్రాన అర్థమైనట్లు కాదు. తిరిగి చెప్పించి, చేయించి చూసినప్పుడే బోధన పూర్తయినట్లు. చెప్పిన మాట ఇంటికి చేరకపోతే చిన్న పుండు కాలు తీసివేసేవరకూ వెళ్లవచ్చు. విరేచనాలు పట్టిన పసిబిడ్డ ఒక్క రోజులోనే నీరసించి ప్రాణం మీదకు రావచ్చు.

మందు చీటీ రాసేది వైద్యుడే అయినా, రోగి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో, పళ్లెంలో ఎంత వదిలేశాడో, ఇంటికి వెళ్లాక ఎవరు వండిపెడతారో తెలిసేది నర్సుకే. ఆ తెలుసుకోవడాన్ని, తెలియజెప్పడాన్ని వృత్తి ధర్మంగా నిలిపిన ఘనత ఫ్లోరెన్స్ నైటింగేల్‌ది. నర్సుల దినోత్సవాన ఆమెకు అర్పించే నివాళి పూలమాలతో ముగియకుండా, ప్రతి రోగి మంచం పక్కన ఒక సరైన ప్రశ్నతో మొదలు కావలసి ఉంది.